ఆ అమ్మాయి ‘వద్దు సార్’ అని ఎందుకంది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. మా ఊరి జడ్పీ హైస్కూల్లో 1998లో టెన్త్ చదివినవాళ్ళం ముప్పై మందిమి వాట్సాప్ గ్రూపులో మళ్ళీ కలిశాం. ఇప్పుడు అదే బడిలో పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి కబడ్డీ, ఖోఖో రెండింట్లోనూ జిల్లా జట్టుకు ఆడింది. 400 మీటర్ల పరుగులో రాష్ట్ర స్థాయికి వెళ్ళొచ్చింది. పైగా బడికి ఎస్పీఎల్ (స్కూల్ పీపుల్ లీడర్) కూడా ఆ అమ్మాయే. మొన్న వానలకు గ్రౌండులో నీళ్ళు నిలిస్తే తనే పార పట్టుకుని, చిన్నపిల్లల్ని వెంటేసుకుని కాలువ తీసిందట. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆరో తరగతి పిల్లలంతా కూర్చున్నాకే తన పళ్ళెం పట్టుకుంటుందని వంట ఆయమ్మ చెప్పింది. తల్లిదండ్రులు మిరప కోతలకు వెళ్ళే కూలీలు.

వార్షికోత్సవం రోజున ఘనంగా సన్మానం చేద్దామని 40 వేలు పోగుచేశాం. సెంటర్లో ఫ్లెక్సీ, బ్యాండు మేళంతో ఊరేగింపు, శాలువా, మెమెంటో, పెద్ద అతిథి అనుకున్నాం. అయితే చదువులో ఫస్టు వచ్చిన వాళ్ళను వదిలి ఆటల పిల్లకు సన్మానమేంటని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. మా గ్రూపులో ఒకాయన, మూడు ఆటలు ఆడితే ఏదీ రాదు, ఒక్క ఆట ఎంచుకుంటానని స్టేజి మీద చెప్పిద్దాం అంటున్నాడు. వీటన్నిటికంటే టెన్షన్ ఏంటంటే, విషయం చెప్పగానే ఆ అమ్మాయి ‘వద్దు సార్’ అని తల వంచుకుని వెళ్ళిపోయింది. మేం చేస్తున్నది తప్పా? ఎలా చేస్తే బాగుంటుంది?

జవాబు: తప్పేమీ లేదు. తొమ్మిదో, పదో చదివే ఆడపిల్ల ఆటను గుర్తించి డబ్బు పోగుచేసే ఊళ్ళు ఎన్నుంటాయి? వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. చిన్నప్పుడు ఆ పిల్లను ఊళ్ళో ఎంత గేలి చేశారో తల్లే చెప్పుకుంది. పతకం వచ్చాక దండలు ఎవరైనా వేస్తారు. మీరు ముందే లేచారు, అందుకు సంతోషం.

అయితే మీ ఉత్తరంలో ఫ్లెక్సీ దగ్గర్నుంచి అతిథి దాకా అన్నీ ఉన్నాయిగానీ, ఆ పిల్లకు ఏం కావాలో ఒక్క ముక్క లేదు. అడిగారా? చెప్పారు, అంతే. చెప్పడం వేరు, అడగడం వేరు.

నేను ముప్పై రెండేళ్ళు పీఈటీగా, పీడీగా, అంటే ఆటల మాస్టారుగా చేశాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక బడిలో, ఊరు పేరు అనవసరం, నా దగ్గర లాంగ్ జంప్ చేసే కుర్రాడికి సన్మానం పెట్టారు. పదింటికి అన్నారు, అతిథి ఒంటిగంటకు వచ్చాడు. పిల్లలంతా ఎండలో. వచ్చినాయన మా వాడి పేరు తప్పు చదివి, వాలీబాల్ ఆడతాడని చెప్పి, శాలువా కప్పి ఫొటో దిగాడు. తమాషా ఏంటంటే ఆ శాలువా తర్వాత నిర్వాహకులే మెల్లగా వాడి భుజం మీంచి తీసుకుని ఇంకో పెద్దమనిషికి కప్పారు. మా వాడు నా వైపు చూసి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అప్పట్నుంచి శాలువా అంటేనే నాకు కొంచెం చిరాకు, కాబట్టి నా మాటల్లో ఆ చిరాకు కనిపిస్తే సర్దుకోండి.

ఇక ‘వద్దు సార్’ సంగతి. నాకు తెలిసి పదిహేనేళ్ళ ఆడపిల్ల ఆ మాట అనడానికి సిగ్గొక్కటే కారణం కాదు. సెంటర్లో తన ఫొటో నిలువెత్తున కడితే సాయంత్రం టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ఏమంటారో ఆ పిల్లకు తెలుసు, మీకు తెలియదు. ఆ మాటలు విని ఇంట్లో నాయనమ్మో మేనమామో ‘ఇక ఆటలు చాల్లే’ అంటే పోయేది ఆమె ఆట. స్టేజి ఎక్కడానికి యూనిఫాం తప్ప ఇంకో మంచి డ్రెస్సు లేకపోవచ్చు. లేదా, నా అనుమానం ఎక్కువగా దీనిమీదే, ‘నాతో ఆడినవాళ్ళను వదిలి నన్నొక్కదాన్నే పిలుస్తారేంటి’ అని ఉండొచ్చు. ఆరో తరగతి పిల్లలంతా కూర్చునేదాకా ఆగే అమ్మాయికి ఆ ఆలోచన రాకుండా ఉండదు.

అసలు కారణం తెలుసుకోవాలంటే నలుగురు మగవాళ్ళు స్టాఫ్ రూముకు పిలిచి అడిగితే తెలియదు. బడిలో ఆమెకు చనువున్న టీచరమ్మ ఎవరో కనుక్కుని, ఆమెను అడగమనండి. వంట ఆయమ్మ అయినా సరే, మీకంటే ఆమెకే ఎక్కువ చెబుతుంది. ఇంటికి కూడా ఒకసారి వెళ్ళండి. మీలో ఒకరు, భార్యను వెంటబెట్టుకుని. సన్మానం ఖాయం చేయడానికి వచ్చినట్టు కాకుండా, మీ అమ్మాయి ఇంత బాగా ఆడుతోందని చెప్పడానికి వచ్చామన్నట్టు వెళ్ళండి. ఇప్పుడు కోతలు ముమ్మరంగా ఉండే కాలం. పొద్దున్నే ఆటో ఎక్కితే మళ్ళీ పొద్దుగూకాకే ఇంటికి. వార్షికోత్సవం మధ్యాహ్నం పెట్టుకుంటే తల్లి రాలేదు, వచ్చినా ఒక రోజు కూలి పోతుంది. ఆ కూలి మేమిస్తాం అని మాత్రం అనకండి, చివుక్కుమంటుంది. ఆమెకు ఏ రోజు, ఏ వేళ వీలో అడిగి దాన్నిబట్టి ముహూర్తం పెట్టుకోండి. అతిథి వీలు ఆ తర్వాత సంగతి. తల్లికి ముందు వరుసలో, హెడ్‌మాస్టరుగారి పక్కన కుర్చీ వేయండి. వెనక నిలబడి కొంగు నోట్లో పెట్టుకుని చూసిన తల్లుల్ని నేను చాలామందిని చూశాను.

ఇంట్లో వాళ్ళూ అమ్మాయీ ఒప్పుకుంటే తప్ప ఫ్లెక్సీ వద్దు, ఫేస్‌బుక్‌లో ఫొటోలూ వద్దు. ఊరేగింపు ఆలోచన పూర్తిగా మానేయండి.

జట్టు సంగతికి వద్దాం. కబడ్డీలో ఏడుగురు కోర్టులో ఉంటారు, ఐదుగురు బయట కూర్చుంటారు. మీ పిల్ల రైడుకు వెళ్ళి బోనస్ తెచ్చిందంటే, తిరిగొచ్చేసరికి కార్నర్‌లో నిలబడి కాచిన పిల్ల ఒకతి ఉంటుంది. ఖోఖో అయితే మరీ. ఎనిమిది మంది గడుల్లో కూర్చుంటే ఒకరు తరుముతారు. వెనక నుంచి ‘ఖో’ ఇచ్చినవాళ్ళు సరైన క్షణంలో ఇవ్వకపోతే ఎంత వేగం ఉన్నా దేనికి పనికొస్తుంది? ఒంటరిగా గెలిచింది ఆ 400 మీటర్లు మాత్రమే. అందుకని రెండు జట్లనూ స్టేజి మీదికి పిలవండి. పేరు పేరునా, ఎవరు ఏ స్థానంలో ఆడతారో చెప్పి పిలవండి. బయట కూర్చునే పిల్లల్ని కూడా. ఆ తర్వాత ఈ అమ్మాయిని ముందుకు రమ్మంటే ‘వద్దు సార్’ అనదని నా నమ్మకం.

సన్మానపత్రం ఎవరితో రాయిస్తున్నారు? ఇది అడగడానికి కారణం ఉంది. మన సన్మానపత్రాల్లో ‘క్రీడారత్న, నాయకత్వ శిఖామణి, సకల గుణసంపన్న’ అని ఒక మూస ఉంటుంది. పేరు మార్చి ఎవరికైనా ఇచ్చేయొచ్చు. అందులో ఆ పిల్ల ఎక్కడుంటుంది? చూసినవాళ్ళు చూసింది రాయండి. ఇదిగో, మీ ఉత్తరంలో ఉన్నదాంతోనే నేనిలా రాస్తాను:

‘ఈ ఏడాది వానలకు మన గ్రౌండులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఎవరైనా వచ్చి తీస్తారని మనం చూస్తూ ఉంటే నువ్వు పార తెచ్చావు. నీతో చిన్నపిల్లలు కలిశారు. రెండు రోజుల్లో కోర్టు ఆరింది. ఆ కోర్టులో ఆడే నువ్వు జిల్లా జట్టుకు ఎంపికయ్యావు. 400 మీటర్లలో మన బడి పేరు రాష్ట్ర స్థాయి పోటీల్లో వినిపించావు. అన్నాల దగ్గర చిన్నవాళ్ళంతా కూర్చునేదాకా నువ్వు పళ్ళెం పట్టుకోలేదు. ఇవన్నీ మేం చూశాం.’

నీళ్ళ లోతు, రోజుల లెక్క నేను ఊహించి వేశాను, మీరు పిల్లల్ని అడిగి నిజమైనవి వేయండి. చదవడం కూడా అతిథి చేత వద్దు, కాలువ తీసిన చిన్నపిల్లల్లో గట్టిగా చదివేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేత చదివించండి. రెండు నిమిషాలు పట్టదు.

ఫస్టు వచ్చిన పిల్లల తల్లిదండ్రుల మాట కొట్టిపారేయకండి. వాళ్ళ కష్టమూ కష్టమే. అదే స్టేజి మీద వాళ్ళనూ పిలవండి, అంతే సేపు, అంతే మర్యాద. ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి మైకు పట్టుకునే వాళ్ళకు: ‘ఆటలాడినా చదువు పాడుచేసుకోలేదు’ అనే వాక్యం ఆ రోజు ఎవరి నోటా రాకూడదు. ఆమె మార్కులు చదవొద్దు. ఫస్టు వచ్చిన అబ్బాయి ఎంత దూరం పరుగెత్తగలడని మనం అడగడం లేదు కదా.

మీ మిత్రుడు చెప్పిన ఒక్క ఆట విషయం. ఆయన మంచికే అంటున్నాడు, కానీ పదిహేనేళ్ళకు తొందర. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025లో ప్రపంచ కప్ గెలిచిన భారత క్రికెట్ జట్టులో ఉంది. ఆమె చిన్నప్పుడు ఆడింది బ్యాడ్మింటన్, ఖోఖో, పరుగు. క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్ళ ప్రాయంలో. అదే జట్టులోని జెమీమా రోడ్రిగ్స్ చిన్న వయసులో మహారాష్ట్రకు హాకీ ఆడింది. ఇంకా వెనక్కి వెళ్తే మద్రాసు తెలుగువాడు కోటా రామస్వామి ఉన్నాడు, బుచ్చిబాబు నాయుడి కొడుకు. 1922లో దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడి, 1936లో నలభై ఏళ్ళ వయసులో మాంచెస్టర్‌లో తన మొదటి టెస్టు క్రికెట్ మ్యాచ్ ఆడాడు. రెండు ఇన్నింగ్సుల్లో 40, 60 కొట్టాడు! ఖోఖోలో ఒక్కసారిగా మలుపు తిరగడం అలవాటైన కాలు కబడ్డీలో పనికొస్తుంది. 400 మీటర్ల దమ్ము రెండింటికీ పనికొస్తుంది. ఏది తనదో కాలు, ఊపిరి కలిసి చెబుతాయి, ఇంకో రెండేళ్ళలో.

అలాగని మూడూ ఒకే నెలలో ఆడించడం కూడా మంచిది కాదు. బడి ఆటల పోటీలు మండలం నుంచి జిల్లా, రాష్ట్రం దాకా కొద్ది నెలల్లోనే గుమిగూడి వస్తాయి. ఇలాంటి పిల్లలు పిక్క పట్టేసినా, మోకాలు నొప్పి పెట్టినా నోరు విప్పరు. తను లేకపోతే జట్టు ఓడిపోతుందని. వారంలో రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండేలా చూడమని మీ పీఈటీగారితో చెప్పండి. పొద్దున ఏమీ తినకుండా గ్రౌండుకు వస్తోందేమో కూడా కనుక్కోమనండి. రక్తహీనత ఉంటే ఎంత ప్రాక్టీసు చేయించినా ఆయాసమే మిగులుతుంది. పీహెచ్‌సీలో ఒకసారి రక్తం పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది.

ఇక 40 వేలు. షామియానా, మైక్ సెట్టు, బ్యాండు, ఫ్లెక్సీలు, మెమెంటోలు, అతిథికి కాఫీ టిఫిన్లు... సగం పైన వాటికే పోతుంది. పొద్దున్న అసెంబ్లీలోనో, తల్లికి వీలైన సాయంత్రమో బడి వరండాలో చేస్తే షామియానాతో పనేముంది? నేనైతే రెండు జట్ల పిల్లలందరికీ బూట్లు కొంటాను, కాళ్ళ కొలతలు తీసుకుని. ఆ అమ్మాయికి పరుగు కోసం స్పైక్స్ ఒక జత. మిగిలింది ఆమె పేర బ్యాంకులో వేయండి. పదేళ్ళు దాటిన పిల్లలు తమ పేర ఖాతా తెరిచి తామే నడుపుకోవచ్చు. పాస్‌బుక్ ఆమె చేతికే ఇవ్వండి.

ఆ డబ్బు దేనికో కూడా చెబుతాను. నా అనుభవంలో ఆడపిల్లల ఆట ఆగిపోయేది టెన్త్‌లో కాదు, ఇంటర్‌లో. గ్రౌండే లేని కాలేజీలో చేర్పిస్తారు, పొద్దున ఆరింటి నుంచి స్టడీ అవర్స్, అంతే, ఆర్నెల్లలో ఆట మర్చిపోతుంది. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17 తర్వాత అండర్-19 విభాగం కూడా ఉంది, ఇంటర్ పిల్లలు ఆడొచ్చు. కాబట్టి టెన్త్ పరీక్షలవగానే, ఎండాకాలంలోనే, మీ గ్రూపులో ఒకరిద్దరు బయల్దేరి గ్రౌండూ పీడీ ఉన్న జూనియర్ కాలేజీ, ఆడపిల్లలకు హాస్టల్ ఎక్కడున్నాయో చూసి రండి. తల్లిదండ్రులకు ఆ తిరగడం చేతకాదు. నిజం చెప్పాలంటే మీరు చేసే సన్మానంలో పెద్ద భాగం ఇదే, దీనికి ఫొటో ఉండదు.

సర్టిఫికెట్ల గురించి ఒక మాట, ఎందుకంటే దీనివల్ల ఏడ్చినవాళ్ళను చూశాను. నా శిష్యుడొకడికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దాదాపు వచ్చింది. ఆటల సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడిగా ఒక్క అక్షరం, టెన్త్ మెమోలో రెండక్షరాలు. ఆ తేడా సరిచేయించడానికి ఒక ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగాడు. అందుకని ఇప్పుడే కూర్చోబెట్టి ఆమె సర్టిఫికెట్లన్నీ ముందేసుకోండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ టెన్త్ రికార్డుల్లో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే ఉన్నాయా చూడండి. తేడా ఉంటే పోటీలు జరిపిన వాళ్ళు ఆ కుర్చీల్లో ఉండగానే సరిచేయించండి. లామినేషన్ చేయించకండి, వెనకాల సంతకాలు, స్టాంపులు వేయాల్సి రావచ్చు. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, స్కాన్ చేసి ఒక కాపీ మీ దగ్గర కూడా ఉంచండి. ముందుముందు జాతీయ స్కూల్ గేమ్స్ దాకా వెళ్తే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో దానికి ఫారం-4 అని ప్రత్యేకమైన నమూనా అడుగుతారు. ఆ మాట ఇప్పట్నుంచే ఆమె చెవిన వేయండి.

ఇంతసేపూ ఆటల గురించే మాట్లాడాను. ఆ పిల్ల ఎస్పీఎల్ కూడా కదా. రోజూ పొద్దున్నే ‘భారతదేశం నా మాతృభూమి’ అని ప్రతిజ్ఞ చెప్పించేది ఆమే అయి ఉంటుంది. ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగువాడే, నల్లగొండ జిల్లా పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ రాశాడు. దేశమంతా ఆయన వాక్యాలు పలికిందిగానీ, చాలాకాలం పుస్తకాల్లో ఆయన పేరు లేదు. మీ హెడ్‌మాస్టరుగారి గదిలో టెన్త్ టాపర్ల బోర్డు ఉండే ఉంటుంది, ఏ ఏడాది ఎవరు, ఎన్ని మార్కులు అని. దాని పక్కన ఆటల బోర్డు ఒకటి పెట్టించండి. ఏడాది, ఆట, స్థాయి, పేర్లు. ఈ ఏడాదితో మొదలుపెట్టి ఆ రెండు జట్ల పిల్లల పేర్లన్నీ రాయించండి. పాత రిజిస్టర్లు దొరికితే మీ 1998 వాళ్ళను కూడా ఎక్కించొచ్చు, మీలోనూ ఆడినవాళ్ళు ఉండకపోరు.

ఆమె నాయకత్వానికి దండ వేయక్కర్లేదు. ఒక్క ప్రశ్న అడగండి: ‘అమ్మా, ఈ బడికి ఏం కావాలో నువ్వు చెప్పు, మేం చేస్తాం.’ ఒక వారం టైమివ్వండి, తోటి పిల్లలతో మాట్లాడుకుంటుంది. ఏం అడుగుతుందో నేను కొంత ఊహించగలను. ఆడపిల్లలు ప్రాక్టీసు ముందు బట్టలు మార్చుకోవడానికి తలుపూ గడియా ఉన్న గది అడగొచ్చు. బాత్రూములో నీళ్ళు అడగొచ్చు. గ్రౌండులో నీళ్ళు నిలవకుండా రెండు ట్రాక్టర్ల మట్టి అడగొచ్చు. మీకు నచ్చనిదీ అడగొచ్చు. ఖర్చుకు అందేదైతే, పిల్లలకు హాని లేనిదైతే, ఎదురు చెప్పకుండా చేయండి. ‘మా ఎస్పీఎల్ అడిగితే పెద్దవాళ్ళు చేశారు’ అని ఆ బడి పిల్లలు చెప్పుకోవాలి. ఆ రోజు స్టేజి మీద చివరి పనిగా, తన బ్యాడ్జి తీసి వచ్చే ఏడాది ఎస్పీఎల్‌గా ఎన్నికైన తొమ్మిదో తరగతి పిల్ల చొక్కాకు ఆమె చేతనే పెట్టించండి. బ్యాడ్జి వెనక పిన్ను తుప్పు పట్టి ఉంటుంది, మా బళ్ళో ఎప్పుడూ అంతే, కొత్తది ముందే కొనుక్కోండి.

శాలువా తప్పదంటే తల్లికి కప్పండి.

అంతా అయ్యాక ఆమె ఏం అడిగిందో నాకొక కార్డు ముక్క రాయండి. నా ఊహ ఎంతవరకు నిజమైందో చూసుకోవాలని ఉంది.